29 గింజలకే తూగిన నాణెం

ప్రశ్న: మా తాతయ్య నిజామాబాద్ దగ్గర ఒక పల్లెలో బంగారు పని చేసేవారు. ఈ మధ్య ఇల్లు సర్దుతుంటే అటక మీద ఆయన ఇత్తడి డబ్బా దొరికింది. అందులో 11 వెండి ముక్కలు, గుప్పెడు గురివింద గింజలు ఉన్నాయి. ముక్కల మీద సూర్యుడు, ఏనుగు, కొండ వంటి గుర్తులున్నాయి. ఎవరో పాత వెండి కింద అమ్మడానికి తెస్తే, కరిగించడానికి మనసొప్పక తాతయ్య దాచారని నాన్నగారు చెప్పేవారు. ఒక నాణేల వ్యాపారికి చూపించాను. “ఇవి కార్షాపణాలనే ప్రాచీన వెండి నాణేలు. అసలైన కార్షాపణం 32 రత్తులు, అంటే 3.4 గ్రాములు ఉండాలి. మీ దగ్గర సరైనవి నాలుగే. మిగిలినవి నకిలీలు, కావాలంటే వెండి ధరకు తీసుకుంటాను” అన్నారు. నగల కాటా మీద తూచి పట్టిక, ఫొటోలు పంపుతున్నాను. రత్తి అంటే గురివింద గింజ ఎత్తు కదా అని తాతయ్య గింజలతో కూడా త్రాసులో వేసి చూశాను. 32 గింజలకు తూగాల్సిన నాణెం 29 గింజలకే తూగింది. వ్యాపారి చెప్పింది నిజమేనా? చింతపండుతో తోమితే గుర్తులు స్పష్టంగా కనిపిస్తాయా? అమెరికాలో ఉన్న అక్కయ్యకు రెండు నాణేలు పంపాలని ఉంది. పంపవచ్చా?
— ఒక పాఠకుడు, నిజామాబాద్

సమాధానం: ముందు చెప్పవలసింది చెప్పేసి, కారణాలకు తర్వాత వస్తాను. వాటిలో ఒక్కదాన్ని కూడా వెండి ధరకు ఇవ్వకండి. చింతపండు డబ్బా దగ్గరికి కూడా రానివ్వకండి.

మీ పట్టికను పెద్ద తూకం నుంచి చిన్న తూకం దాకా పేర్చి రాసుకున్నాను. 3.41, 3.38, 3.36, 3.36, 3.35, 3.33, 3.31, 3.29, 3.24, 3.18, 2.97. అన్నీ కలిపి 36.18 గ్రాములు, సగటు 3.29. చివరిదాన్ని పక్కన పెడితే మిగిలిన పదింటి సగటు 3.32. రెండు వేల ఏళ్లకు పైబడిన విద్ధాంక నాణేలను, అంటే మీవాటిలా గుర్తులు ముద్రగా కొట్టినవాటిని తూస్తే ఇలాంటి అంకెలే వస్తాయి. పదకొండూ సరిగ్గా 3.40 తూగాయని మీరు రాసి ఉంటే నాకు అప్పుడు భయం వేసేది.

ఎందుకో తెలియాలంటే ఈ నాణేలు ఎలా తయారయ్యాయో చూడాలి. వెండిని రేకుగా సాగగొట్టేవారు. రేకును పట్టీలుగా, పట్టీని ముక్కలుగా కోసేవారు. ఒక్కో ముక్కనూ తూచి, బరువు ఎక్కువైతే మూల కత్తిరించేవారు. ఆ తర్వాతే గుర్తుల ముద్రలు ఒకటొకటిగా కొట్టేవారు. అందుకే ఈ నాణేలకు ఒక ఆకారమంటూ లేదు. కొన్ని చదరంగా, కొన్ని నిలువుగా, కొన్ని మూడు మూలలు తెగి వంకరగా ఉంటాయి. చూసేవారికి అది మోటు పనిగా అనిపిస్తుంది. కానీ ఆకారాన్ని వదులుకున్నది తూకాన్ని కాపాడుకోవడానికే. మీ తాతయ్య ఆ ముక్కలను చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ కత్తెర గాట్లను వెంటనే గుర్తుపట్టి ఉంటారు. వాటిని కరిగించలేకపోవడానికి అది కూడా ఒక కారణమేమో అనిపిస్తోంది.

మీ నాలుగో ఫొటోలోని నాణేన్ని ఒకసారి భూతద్దం కింద పెట్టండి. కుడివైపు పై మూల ఏటవాలుగా తెగి ఉంది. సూర్యుడి గుర్తు ఆ తెగిన అంచు దాకా వచ్చి సగంలో ఆగిపోయింది. ముద్ర పడిన చోట అంచు కొద్దిగా బయటికి ఉబ్బినట్టు ఫొటోలో కనిపిస్తోంది. అంటే మూల కత్తిరించాక ముద్ర కొట్టారు, ఆ దెబ్బకు లోహం బయటికి జరిగింది. టంకశాలలోనే తూకం సరిచేశారనడానికి అది ఆనవాలు. తర్వాత ఎవరైనా వెండి కోసం గిల్లి ఉంటే గుర్తు కత్తితో కోసినట్టు నున్నగా తెగుతుంది, ఉబ్బు ఉండదు. మిగిలిన పదింటి అంచులనూ ఇలాగే పరీక్షించి రాసుకోండి.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ముక్క బరువెక్కితే కత్తిరించవచ్చు, తక్కువైతే అతికించలేరు. కాబట్టి టంకశాల నుంచి బయటికి వచ్చిన రోజునే పై తూకాలు ఒక గీత దగ్గర ఆగిపోతాయి, కింది తూకాలు కొంచెం జారుతాయి. తర్వాత వంద, రెండు వందల ఏళ్లు చేతులు మారినకొద్దీ అరుగుదల ఆ జారుడును పెంచుతుంది. మీ పట్టికలో పైన ఆరు నాణేలు 3.33కీ 3.41కీ మధ్య ఇరుకుగా కూర్చున్నాయి. కింది ఐదూ దూరం దూరంగా పోయాయి. సరిగ్గా ఉండవలసినట్టే ఉన్నాయి.

ఈ అరుగుదలను మొదటిసారి పద్ధతిగా లెక్కకట్టిన వ్యక్తి దామోదర్ ధర్మానంద్ కోశాంబి. ఆయన గణితవేత్త. 1940ల ప్రాంతంలో తక్షశిల నిధుల్లోని విద్ధాంక నాణేలను ఒక్కొక్కటిగా తూచారు. ఒక్క నాణెం తూకం ఏమీ చెప్పదని, ఒకే రకం నాణేల గుంపు సగటు మాత్రం చాలా చెబుతుందని చూపించారు. చలామణిలో ఎక్కువ కాలం ఉన్న గుంపు సగటు తగ్గుతుంది, నాణేనికీ నాణేనికీ తేడా పెరుగుతుంది. నాణెం వెనక ఉండే చిన్న చిన్న గుర్తులు ఎక్కువైనకొద్దీ తూకం తగ్గుతోందని కూడా ఆయన గమనించారు. చారిత్రక గ్రంథాలు పక్కన పెట్టి, కాటా ఒక్కటే పట్టుకుని, ఏ గుంపు ముందుది ఏది వెనకది అని వరస తేల్చవచ్చన్న ఆలోచన నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

మీ 2.97 గ్రాముల నాణెం వైపు ఇప్పుడు చూడండి. వ్యాపారి దాన్నే మొదట పక్కకు నెట్టారని రాశారు. ముఖం వైపు గుర్తులు అరిగి నునుపెక్కాయి. వెనకవైపు తిప్పితే ఫొటోలోనే నాకు ఆరేడు చిన్న ముద్రలు కనిపిస్తున్నాయి. అవి షరాబులు, అంటే నాణేలు మార్చే వ్యాపారులు పరీక్షించి వేసిన గుర్తులని పరిశోధకులు చాలామంది భావిస్తారు. నాణెం ఒక చేతికి వచ్చినప్పుడు తూచి, వెండి మంచిదని నిర్ధారించుకుని చిన్న ముద్ర కొట్టేవారన్నమాట. పదకొండింటిలో ఎక్కువ దూరం తిరిగినది, ఎక్కువమంది నమ్మినది అదే. నాకు ఒక్కటే ఉంచుకోమంటే దాన్నే ఉంచుకుంటాను.

నా అనుమానం ఏదైనా ఉంటే అది వ్యాపారి మంచివన్న నాలుగింటిలోనే ఉంది. 3.36 తూగినవి రెండున్నాయి కదా, వాటిని పక్కపక్కన పెట్టి చూడండి. తూకం కలవడంలో తప్పు లేదు. కానీ అంచుల వంకర, మూలల కోత, గుర్తులు పడిన చోటు కూడా ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు ఉంటే జాగ్రత్తపడాలి. చేత్తో ఒక్కొక్కటిగా కోసి, ఒక్కొక్కటిగా ముద్రలు కొట్టిన నాణేల్లో కవలలు పుట్టవు. కవలలు కనిపించాయంటే ఎవరో ఒక నాణేన్ని నమూనాగా పెట్టి పోత పోశారని అర్థం. పోతలో అంచు చుట్టూ సన్నని అతుకు గీత, ఉపరితలం మీద సూదిమొన అంత గుంటలు కనిపిస్తాయి. ఫొటో చూసి ఈ మాట తేల్చలేను. మీ కళ్లే తేల్చాలి.

ఇంకో పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. నగల దుకాణాల్లో మిల్లీగ్రాము దాకా చూపే కాటా ఉంటుంది. దాని మీద చిన్న గ్లాసుతో శుభ్రమైన నీళ్లు పెట్టి సున్నాకు తెచ్చుకోండి. నాణేన్ని సన్నని దారానికి కట్టి, అడుగుకు గానీ పక్కలకు గానీ తగలకుండా నీటిలోకి పూర్తిగా దించండి. కాటా చూపే అంకె నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. నాణెం బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. స్వచ్ఛమైన వెండి సాంద్రత 10.5, రాగిది 9కి కొంచెం తక్కువ. 3.33 గ్రాముల నాణెం మంచి వెండిదైతే 0.32, 0.33 దగ్గర చూపిస్తుంది. లోపల రాగి పెట్టి పైన వెండి పూత వేసినదైతే 0.37 దాకా పోతుంది. అలాంటి పూత నాణేలను ఆ కాలపు మోసగాళ్లు కూడా చేశారు. కాబట్టి పూత కనబడినంత మాత్రాన అది ఇప్పటిదని కూడా అనుకోకండి. పరీక్ష అయ్యాక మెత్తని గుడ్డతో అద్ది, గాలికి ఆరనివ్వండి.

ఇక గురివింద గింజల సంగతి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ 29 గింజల లెక్కే. చాలామంది పుస్తకంలో చదివి ఊరుకుంటారు. మీరు తూచి చూశారు.

రత్తి అంటే గురివింద గింజే. సంస్కృతంలో కృష్ణల, గుంజ, రక్తిక అని పేర్లు. మనుస్మృతి లెక్కలో రెండు కృష్ణలలు ఒక వెండి మాషకం, 16 మాషకాలు ఒక ధరణం. ధరణానికే పురాణమని ఇంకో పేరు. అలా 32 గింజల లెక్క వచ్చింది. బంగారానికి వచ్చేసరికి మాషం అంటే రెండు గింజలు కాదు, ఐదు. 16 బంగారు మాషాలు ఒక సువర్ణం, అంటే 80 గింజలు. మొన్నమొన్నటి దాకా నడిచిన తులం లెక్కలో 12 మాషాలు, మాషానికి ఎనిమిది రత్తులు, మొత్తం 96. మాష అనే ఒక్క పేరుకు మూడు బరువులు! పాత తూకాల గురించి ఎవరైనా “మాష అంటే ఇంత” అని ఒక్క ముక్కలో చెబితే, ఏ లోహానికి, ఏ కాలంలో అని వెంటనే అడగండి.

రత్తి బరువు కూడా అంతే. తులం 11.66 గ్రాములు కాబట్టి 96తో భాగిస్తే రత్తి 0.1215 గ్రాములు. దాన్ని 32తో గుణిస్తే 3.89 వస్తుంది. అంత బరువున్న కార్షాపణాలు మామూలుగా దొరకవు. 19వ శతాబ్దంలో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ రత్తికి ఇంగ్లీషు తూకంలో 1.83 గ్రెయిన్లు పెట్టుకున్నారు. దాని ప్రకారం 3.79 గ్రాములు కావాలి. అదీ ఎక్కువే. నాణేల నుంచి వెనక్కి లెక్కిస్తే రత్తి 0.107 దగ్గర తేలుతుంది. మీ తాతయ్య గింజల్లో 29 కలిస్తే ఒక నాణేనికి తూగాయి. మీరు వేసింది 3.33 గ్రాముల నాణెమైతే గింజ సగటున 0.115 ఉన్నట్టు. ఇందులో తప్పు గింజలది కాదు, నాణేనిదీ కాదు. తీగ కాచే గింజ ఒక్కో నేలలో, ఒక్కో ఏడు, ఒక్కో కాయలో ఒక్కో బరువుతో వస్తుంది. మీ డబ్బాలోని గింజలను ఒక్కొక్కటిగా తూచినా ఈ తేడా తెలుస్తుంది. పది గింజలు ఒక కుప్పగా, మరో పది ఇంకో కుప్పగా వేసి తూస్తే మాత్రం రెండు కుప్పలూ దాదాపు సమానంగా వస్తాయి. బంగారు పనివారు ముదురు గింజలను ఏరి, పరిమాణం చూసి జత కలిపి వాడుకునేవారు. గురివింద గింజ తన కింది నలుపు ఎరగదని మనం అంటాం కానీ, తూకం విషయంలో ఆ గింజ హెచ్చుతగ్గులు వాడేవారికి బాగానే తెలుసు.

పాలకులకూ తెలుసు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో తూకాల అధికారి గురించి రాస్తూ, పది మినుములు లేదా ఐదు గుంజలు ఒక బంగారు మాషమని, 16 మాషాలు ఒక సువర్ణమని ముందు గింజల లెక్కే చెబుతాడు. వెండి మాషకానికి మాత్రం 88 తెల్ల ఆవాలు అంటాడు. వెంటనే ఇంకో మాట చేరుస్తాడు. తూకపు రాళ్లను ఇనుముతో చేయాలి, లేదా మగధ, మేకల దేశాల రాతితో చేయాలి. నీటికి తడిసినా, పూత అంటినా బరువు పెరగకూడదు, వేడికి తగ్గకూడదు. ఆ వాక్యం చదివినప్పుడల్లా రాళ్లను చేతిలోకి తీసుకుని పరీక్షించిన మనిషి కళ్ల ముందు మెదులుతాడు. గింజ నుంచి కొలతకు పేరు వచ్చింది. టంకశాలలో త్రాసు పళ్లెంలో పెట్టింది మాత్రం రాయో ఇనుమో. కాబట్టి 32 గింజలకు నాణెం తూగకపోవడం ఏ నాణేన్నీ నకిలీ చేయదు.

సింధు నాగరికత నగరాల్లో దొరికిన ఘనాకారపు రాతి తూకాల్లో ప్రధానమైనది 13.6 గ్రాముల పైచిలుకు. దాన్ని నాలుగు భాగాలు చేస్తే 3.4 గ్రాములు, మన కార్షాపణం! కొందరు పండితులు దీన్ని చూసి హరప్పా తూకం మౌర్యుల దాకా నడిచిందన్నారు. ఆ ఆలోచనకు అందం ఉంది. మధ్యలో వెయ్యేళ్లకు పైగా ఖాళీ కూడా ఉంది. నేను దాన్ని నమ్మకంగా చెప్పను, కొట్టిపారేయను.

మీ వ్యాపారి అసలు పొరపాటు ఒక్క అంకెను పట్టుకుని అన్నిటినీ దానితో కొలవడం. ప్రామాణిక తూకం కాలంతో మారుతుంది, దేశంతో మారుతుంది. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి దినారియస్‌లు దొరికాయి. అవి అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలానివి. అప్పట్లో ఒక రోమన్ పౌండు వెండితో 84 నాణేలు కొట్టేవారు, ఒక్కోటి సుమారు 3.9 గ్రాములు. క్రీ.శ. 64లో నీరో దాన్ని 96కు పెంచాడు, నాణెం 3.4 గ్రాములకు తగ్గింది. ఇప్పుడు నీరో నాణేన్ని అగస్టస్ తూకంతో కొలిచి నకిలీ అంటే ఎలా ఉంటుంది? గుప్తుల బంగారు నాణేలు మొదట ఎనిమిది గ్రాముల లోపు ఉండేవి, స్కందగుప్తుడి కాలానికి కొన్ని 9.2 గ్రాముల సువర్ణ ప్రమాణానికి చేరాయి. బరువు పెరిగింది కానీ అందులో మేలిమి బంగారం పాలు తగ్గింది. తూకం ఒక్కటే చూసేవారు ఇక్కడ బోల్తా పడతారు. మన శాతవాహనుల సీసం నాణేలను తూస్తే ఒకే రాజు పేరున్నవి కూడా ఎక్కడా పొంతన కుదరవు. చౌక లోహానికి అంత పట్టింపు అవసరం రాలేదు.

వెండి దగ్గర మాత్రం ఆ పట్టింపు రాజుల వైరాన్ని కూడా దాటి నిలిచింది. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌థెంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు బయటపడ్డాయి. అన్నీ క్షహరాత వంశపు శక రాజు నహపాణుడివి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రలు కొట్టించాడు. శత్రువును ఓడించిన రాజు ఆ వెండిని కరిగించలేదు, తన గుర్తు వేసి వదిలాడు. జనం లెక్కలు ఆ తూకంతో ముడిపడి ఉన్నాయి. నాసిక్ గుహ శాసనంలో నహపాణుడి అల్లుడు ఉషవదాతుడు 70,000 కహాపణాలు 2,000 సువర్ణాలకు సమానమని, సువర్ణానికి 35 చొప్పున అని లెక్క కట్టి మరీ చెక్కించాడు. కహాపణం మీ డబ్బాలోని కార్షాపణానికి ప్రాకృత రూపం. ఇంకొంచెం ఇటు వస్తే, నాగార్జునకొండ ఇక్ష్వాకుల శాసనాల్లో ‘దీనారి మాషక’ అనే మాట ఉంది. రోము పేరు, మన తూకం పేరు ఒకే మాటలో కలిసిపోయాయి.

ఇక మీ మిగతా ప్రశ్నలు. చింతపండు, నిమ్మరసం, పళ్లపొడి, కంసాలి ఆమ్లం, ఏదీ వద్దు. ఈ నాణేల వెండిలో రాగి కలిసి ఉంటుంది. పులుపు ముందు రాగిని తింటుంది, దానితో బరువు పోతుంది. అరిగిపోయిన గుర్తు అంచులు కూడా పోతాయి. మట్టి ఉంటే నీటిలో నానబెట్టి, మెత్తని కుంచెతో దులపండి, చాలు. నల్లబడిన పొర అలాగే ఉండనివ్వండి. ఒక్కో నాణేన్ని విడిగా కాగితపు కవరులో పెట్టి, తూకం, పొడవు, వెడల్పు, ముందు గుర్తులు, వెనక గుర్తులు రాసుకోండి. పదకొండూ ఒకే చోట ఉండనివ్వండి. ఇందాక చెప్పిన సగటు లెక్క అవి కలిసి ఉన్నప్పుడే పనికొస్తుంది.

అందుకే అక్కయ్యకు రెండు పంపాలన్న ఆలోచన మానుకోమంటున్నాను. పైగా చట్టం ఒప్పుకోదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించడం నేరం. సామానులో పెట్టి పంపినా, ఆమె వచ్చినప్పుడు తీసుకెళ్లినా అంతే. మంచి ఫొటోలు, కొలతల పట్టిక పంపండి. భూమిలో దొరికిన వస్తువులకు 1878 నాటి చట్టం వేరే ఉంది. పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. మీవి తాతయ్య పాత వెండిగా కొన్నవి కాబట్టి, నాన్నగారు చెప్పిన ఆ సంగతులన్నీ, ఎప్పుడు, ఎవరు తెచ్చారు, ఏ ఊరి నుంచి అన్నవి గుర్తున్నంత వరకు తేదీ వేసి రాసి పెట్టండి. అమ్మిన మనిషి ఊరు తెలిస్తే అది నాణేల కంటే విలువైన సమాచారం. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో గోబద, సమగోప వంటి రాజుల పేర్లు మనకు తెలిసింది అక్కడ ఏరిన నాణేల వల్లే, అవి ఎక్కడ దొరికాయో తెలియబట్టే.

వీలు చూసుకుని హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియానికి పట్టికతో సహా తీసుకెళ్లండి. అక్కడి నాణేల విభాగంలో అమ్మే ఉద్దేశం లేని కళ్లతో చూసేవారు ఉంటారు. ఆ రెండు 3.36 నాణేల సంగతి వారిని ప్రత్యేకంగా అడగండి.

గురివింద గింజలను పారేయకండి. వాటినీ లెక్కపెట్టి, మొత్తం తూకం రాసి, అదే ఇత్తడి డబ్బాలో ఉంచండి. అయితే పగిలిన గింజ, సూదితో గుచ్చిన గింజ విషం. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారని ఉత్తరం చివర రాశారు. డబ్బాను మళ్లీ అటక మీదికే ఎక్కించండి.